విభజన తరవాత: స్టూడియో దొరికినవాళ్లు, శిబిరం దొరికినవాళ్లు

1947 దేశ విభజన, కళాకారులు అనే విషయం మీద ఎక్కడ ఏం చదివినా నాలుగైదు పేర్లు తప్పకుండా ఎదురవుతాయి. లాహోర్ నుంచి ఢిల్లీ వచ్చిన బి.సి. సన్యాల్, జీలంలో పుట్టిన సతీష్ గుజ్రాల్, లాహోర్ వదిలి సిమ్లా మీదుగా బొంబాయి చేరిన కృషన్ ఖన్నా, కలకత్తా వదిలి ఢాకా వెళ్లిన జైనుల్ ఆబెదిన్. వీళ్లంతా పెద్ద కళాకారులే, అందులో అనుమానం లేదు. వాళ్లు పోగొట్టుకున్నదీ తక్కువేం కాదు. కానీ అదే సరిహద్దును దాటిన జనంలో పద్యం అల్లేవాళ్లు, డోలు కొట్టేవాళ్లు, గురుద్వారాల్లో తరతరాలుగా కీర్తన పాడినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో చాలామంది అంటరానివాళ్లుగానో, హీనకులాలుగానో ముద్ర పడిన సమూహాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల కళను ‘జానపదం’ అనే గదిలో పెట్టి తలుపేశారు. వాళ్ల వలసనేమో ‘కాందిశీకుల సమస్య’ అన్నారు. కళాకారుల వలసగా దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఊరు పోయాక, వినేవాళ్లు పోయాక, కళాకారుడు తన పనిని మళ్లీ దేంతో కట్టుకుంటాడు? ప్రతిభతో అనేది తేలికైన జవాబు. విభజన చరిత్రను దగ్గరగా చూస్తే ఇల్లు, ఉద్యోగం, చదువు, పరిచయాలు, ప్రభుత్వ కాగితం కూడా అందులో ఉంటాయి. ఇవి ఎవరికి అందాయి, ఎవరికి అందలేదు అన్నదాంట్లో కులం ఉంది.

సన్యాల్ సంగతి చూద్దాం. 1901లో అస్సాంలోని ధుబ్రీలో పుట్టాడు, కలకత్తాలో కళ చదివాడు, 1929లో లాలా లజపత్ రాయ్ విగ్రహం పని మీద లాహోర్ వెళ్లాడు. అక్కడి మేయో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో పాఠాలు చెప్పాడు, తరవాత సొంతంగా కళాశాల నడిపాడు. 1947లో అదంతా వదిలి ఢిల్లీ చేరాడు. గోల్ మార్కెట్‌లో 26వ నంబరు చోటులో పని మొదలుపెట్టాడు. దానికి ‘రెఫ్యూజీ స్టూడియో’ అని పేరొచ్చింది. 1949లో ధన్‌రాజ్ భగత్, కన్వల్ కృష్ణ, కె.ఎస్. కులకర్ణి, పి.ఎన్. మాగో వంటివాళ్లతో కలిసి ‘ఢిల్లీ శిల్పి చక్ర’ పెట్టారు. కన్నాట్ ప్లేస్‌లోని ధూమీమల్ దుకాణం వాళ్లు చోటిచ్చారు. సన్యాల్ ఢిల్లీ పాలిటెక్నిక్‌లో కళా విభాగానికి అధిపతి అయ్యాడు, తరవాత లలిత కళా అకాడమీ కార్యదర్శి అయ్యాడు. పాత లాహోర్‌లోని కళా వలయం ఒకటి ఢిల్లీలో మళ్లీ అల్లుకుంది.

గుజ్రాల్ చిన్నతనంలోనే వినికిడి కోల్పోయినవాడు. విభజన మీద ఆయన వేసిన బొమ్మల్లో ముఖాలు కప్పుకుని ఏడ్చే మనుషుల్ని ఒకసారి చూస్తే మరిచిపోలేం. 1952లో ఉపకార వేతనం మీద మెక్సికో వెళ్లి డియేగో రివేరా, సికేరోస్‌ల దగ్గర పనిచేశాడు. కృషన్ ఖన్నాకు బొంబాయిలో బ్యాంకు ఉద్యోగం దొరికింది. పగలు బ్యాంకు, రాత్రి బొమ్మలు. 1961లో ఆ ఉద్యోగం వదిలేసి పూర్తికాలం చిత్రకారుడయ్యాడు. వీళ్ల కష్టాన్ని చిన్నది చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఇంగ్లీషు చదువు, తెలిసిన కుటుంబాలు, నగరంలో తల దాచుకునే చోటు వీళ్ల చేతికి అందేంత దూరంలో ఉన్నాయని మాత్రమే చెబుతున్నాను.

సరిహద్దుకు అటువైపూ ఇలాంటి కథే, కాకపోతే సున్నా నుంచి మొదలైంది. 1943 బెంగాల్ కరువులో చనిపోతున్న మనుషుల్ని చవక కాగితం మీద నల్లసిరాతో గీసిన జైనుల్ ఆబెదిన్ 1947లో ఢాకా వెళ్లేసరికి అక్కడ కళాశాల అన్నదే లేదు. కలకత్తా ప్రభుత్వ కళాశాలలో తనతోపాటు ఉన్న కమ్రుల్ హసన్, సఫీయుద్దీన్ అహ్మద్, అన్వరుల్ హక్‌ వంటివాళ్లతో కలిసి 1948లో ప్రభుత్వ కళా సంస్థ మొదలుపెట్టాడు. రెండు గదులు, 18 మంది విద్యార్థులు. ఇవాళ అది ఢాకా విశ్వవిద్యాలయంలో లలిత కళల విభాగం. బొమ్మలు తప్పని మతఛాందసులు అనేచోట ఒక ప్రభుత్వ కళాశాలను నిలబెట్టడం మామూలు పని కాదు.

వస్తువులకు కమిటీ ఉంది

విభజనలో అన్నింటినీ పంచారు. రైలు ఇంజన్ల నుంచి కుర్చీల దాకా. లాహోర్ మ్యూజియంలోని కళాఖండాలను 1948 ఏప్రిల్‌లో 60–40 నిష్పత్తిలో విడదీశారు. 40 శాతం భారత్‌కు వచ్చింది. చండీగఢ్ మ్యూజియంలో ఇవాళ మనం చూసే గాంధార శిల్పాలు అలా వచ్చినవే. మొహెంజోదారోలో దొరికిన ఒక హారాన్ని పూసలు తెంపి రెండు దేశాలూ చెరిసగం తీసుకున్నాయి. వినడానికి పిచ్చిపనిలా ఉంటుంది, కానీ జరిగింది.

అంటే రాతి బొమ్మకు, పూసల హారానికి లెక్క ఉంది. ఆస్తికీ లెక్క ఉంది. పాకిస్తాన్‌లో వదిలి వచ్చిన భూమికి, ఇంటికి రుజువులు చూపిస్తే ఇక్కడ పరిహారం ఇచ్చారు. 1954లో దానికి ప్రత్యేకంగా చట్టం కూడా చేశారు. మరి భూమే లేనివాడు ఏం చూపించాలి? పంజాబ్‌లో భూమి కొనుక్కునే హక్కు దళితులకు 1900 నాటి భూ బదిలీ చట్టం వల్ల దాదాపు లేకుండా పోయింది. వదిలి వచ్చింది గుడిసె, మగ్గం, డప్పు అయితే దానికి పరిహార పత్రంలో గడి లేదు.

అసలు సరిహద్దు దాటనివ్వనివాళ్లూ ఉన్నారు. కరాచీ, సింధ్‌లలో పారిశుద్ధ్యం పనిచేసే దళితులు వెళ్లిపోతే ఊళ్లు కంపు కొడతాయని, వాళ్లది ‘అత్యవసర సేవ’ అని చెప్పి పాకిస్తాన్ ప్రభుత్వం వాళ్లను ఆపింది. 1947 డిసెంబర్‌లో అంబేద్కర్ దీని మీద నెహ్రూకు లేఖ రాశాడు. కాందిశీకుల శిబిరాల్లో దళితులకు జరుగుతున్న అన్యాయాన్నీ అందులో ఎత్తి చూపాడు. పునరావాసం అనే మాటను విభజన కాలంలో కులం కళ్లతో చదివినవాళ్లలో ఆయన మొదటి వరసలో ఉంటాడు.

గొంతు ఉంది, గుడి పోయింది

పంజాబ్‌లో రబాబీలు అనే గాయకులున్నారు. గురు నానక్‌తో కలిసి తిరిగిన భాయీ మర్దానా పరంపర అని చెప్పుకుంటారు. మతం రీత్యా ముస్లింలు. కులం రీత్యా మిరాసీలు, అంటే ఊళ్లో పెళ్లికీ చావుకూ పాడి, వంశావళులు చెప్పి బతికే కింది కులం. మన దగ్గర ఆశ్రిత కులాల లాంటి వ్యవస్థ అనుకోవచ్చు. వాళ్లు తరాల తరబడి అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంతో సహా గురుద్వారాల్లో సిక్కు గురువుల పదాలు రాగాల్లో పాడారు.

1947లో తూర్పు పంజాబ్‌లో ముస్లింగా బతికి ఉండటమే కష్టమైంది. రబాబీలు లాహోర్ వైపు వెళ్లిపోయారు. అక్కడ వాళ్ల పాట వినే సిక్కులు లేరు. వాళ్లు ఇటు వచ్చేశారు. గురుద్వారాలు తాళాలేసి ఉన్నాయి. ముస్లిం సమాజంలో గురుబాణీ పాడితే ఎవరు పిలుస్తారు? కొందరు ఖవ్వాలీ వైపు మళ్లారు, కొందరు శాస్త్రీయ సంగీతం నేర్పారు, చాలా కుటుంబాలు పాట వదిలేసి వేరే పనుల్లోకి వెళ్లాయి. తరవాత సరిహద్దు కొంచెం తెరుచుకున్న రోజుల్లోనూ పాత చోటు దొరకలేదు. సంగత్‌లో కీర్తన సిక్కులే చెయ్యాలని 1945లో ఖరారైన సిక్కు రహత్ మర్యాదలో రాసి ఉంది. ఇక్కడ ఒకటి గమనించాలి. విభజనకు రెండేళ్ల ముందే ఆ తలుపు మూసుకోవడం మొదలైంది. మతాల మధ్య గీత గట్టిపడేకొద్దీ ఆ గీత మీద నిలబడి బతికే కింది కులాల కళాకారుడికి చోటు లేకుండా పోతుంది. దేశపటం మీద గీత ఆ తరవాత వచ్చింది.

నామశూద్రుల దారి

బెంగాల్ వైపు కథ ఎక్కువ కాలం నడిచింది, ఇంకా నడుస్తోంది. తూర్పు బెంగాల్‌లోని ఫరీద్‌పూర్, జెస్సోర్, ఖుల్నా, బారిసాల్ జిల్లాల చిత్తడి నేలల్లో వ్యవసాయం చేసిన అతిపెద్ద దళిత సమూహం నామశూద్రులు. జనాభా లెక్కల్లో వాళ్లను ‘చండాల’ అని రాసేవాళ్లు. పోరాడి 1911 నాటికి ఆ పేరు మార్పించుకున్నారు. 1946లో అంబేద్కర్‌ను రాజ్యాంగ సభకు బెంగాల్ నుంచి గెలిపించిన జోగేంద్రనాథ్ మండల్ వీళ్ల నాయకుడే. పాకిస్తాన్ తొలి న్యాయశాఖ మంత్రి అయిన మండల్, 1950లో రాజీనామా చేసి భారత్‌కు తిరిగొచ్చాడు.

నామశూద్రుల దగ్గర రెండు పెద్ద పాట సంప్రదాయాలున్నాయి. ఒకటి కవిగాన్. ఇద్దరు కవులు, వాళ్లను ‘సర్కార్’ అంటారు, ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు కర్ణుడిగా ప్రశ్న వేస్తే ఇంకొకరు కృష్ణుడిగా అప్పటికప్పుడు పద్యం అల్లి జవాబివ్వాలి. వెనక వంతపాట వాళ్లు, డోలు, కంచు తాళం. తెల్లవార్లూ నడుస్తుంది. బడికి పోనివ్వని కులాల నుంచి పురాణాలను ప్రశ్నించే ఆశుకవులు ఈ వేదిక మీదే పుట్టారు. రెండోది మతువా పాట. ఫరీద్‌పూర్ ప్రాంతంలోని ఓరాకాందిలో హరిచంద్ ఠాకూర్ (1812–1878) మొదలుపెట్టి, ఆయన కొడుకు గురుచంద్ ఠాకూర్ బడుల ఉద్యమంగా మార్చిన మతువా ధర్మానికి బ్రాహ్మణుడు అక్కర్లేదు, గుడి అక్కర్లేదు. వాకిలి చాలు. ‘డంకా’ అనే పెద్ద డోలు, తాళాలు, ఎర్ర జెండా, ఒంట్లో ఓపిక ఉన్నంతసేపు గుంపుగా పాడటం, ఆడటం. హరిచంద్ జీవితాన్ని పద్యకావ్యంగా రాసిన తారక్ చంద్ర సర్కార్ స్వయంగా కవిగాన్ గాయకుడు. అంటే ఈ రెండు సంప్రదాయాలూ ఒకే ఇంటి బిడ్డలు.

విభజన వీటిని ఎలా తాకిందో తెలియాలంటే ఎవరు ఎప్పుడు వచ్చారో చూడాలి. తూర్పు బెంగాల్ నుంచి మొదట వచ్చినవాళ్లు ఎక్కువగా భద్రలోకులు. కలకత్తాలో ఉద్యోగమో, బంధువో ఉన్నవాళ్లు. నగరం అంచున ఖాళీ భూములు ఆక్రమించి కాలనీలు కట్టుకున్నారు, కాలక్రమంలో పట్టాలు సాధించుకున్నారు. చిత్రకారుడు జోగెన్ చౌధురీ కుటుంబం కూడా కలకత్తాలో కాందిశీకుల కాలనీలోనే ఉంది. కరెంటు లేక లాంతరు వెలుగులో గీసిన రోజుల వల్లే తన బొమ్మల్లోకి ఆ నలుపు వచ్చిందని ఆయన చెప్పుకున్నాడు. కానీ అక్కడి నుంచి కళాశాలకు నడిచి వెళ్లగలిగాడు.

నామశూద్ర రైతులు భూమిని వదల్లేక ఆగారు. 1950 అల్లర్ల తరవాత, మళ్లీ 1964 అల్లర్ల తరవాత పెద్ద ఎత్తున వచ్చారు. అప్పటికి కలకత్తా ‘నిండిపోయింది’ అన్నారు. రాణాఘాట్ దగ్గరి కూపర్స్ క్యాంపు లాంటి శిబిరాల్లో పెట్టారు. అక్కడి నుంచి అండమాన్‌కు, ఉత్తరప్రదేశ్ తరాయి అడవులకు పంపారు. 1958 నుంచి దండకారణ్య ప్రాజెక్టు కింద కోరాపుట్, బస్తర్‌లకు పంపారు. మల్కన్‌గిరిలో వాళ్ల ఊళ్లకు పేర్లు కూడా పెట్టలేదు, నంబర్లు పెట్టారు. ఎంవీ–1, ఎంవీ–2 అంటూ ఇప్పటికీ అవే పేర్లు. పైగా ఆ భూమి ఖాళీది కాదు, ఆదివాసులది. ఒక అణగారిన సమూహాన్ని తీసుకెళ్లి ఇంకో అణగారిన సమూహం నెత్తిన కూర్చోబెట్టి దాన్ని పునరావాసం అన్నారు. ఆ ఘర్షణ ఇవాళ్టికీ ఉంది.

ఇప్పుడు కవిగాన్ గాయకుణ్ని ఊహించండి. ఆ కళ బతకాలంటే ముందు పిలిచేవాడుండాలి. వాళ్లూ మనలాగే ముందుగా ఇచ్చే డబ్బును బయానా అనే అంటారు. కోతల తరవాత జాతరలుండాలి. నది దారిలో పడవెక్కి ఊరూరూ తిరగగలగాలి. ఎదుటి కవి ఉండాలి. ఆ యాస, ఆ పురాణం తెలిసిన వెయ్యిమంది శ్రోతలుండాలి. సర్కార్ పంపిన చోట నది లేదు, జాతర లేదు, బత్తెం తీసుకుని బతికే శిబిరంలో బయానా ఇచ్చేవాడు లేడు. డోలు వాయించేవాడు ఒక శిబిరంలో, వంతపాటవాడు వందల మైళ్ల అవతల ఇంకో శిబిరంలో. అందుకే కవిగాన్ బాగా దెబ్బతింది. పూర్తిగా పోలేదు. నరాయిల్‌లో 1903లో పుట్టిన బిజయ్ సర్కార్ సరిహద్దుకు రెండువైపులా పేరున్న కవి. చివరి రోజుల్లో పశ్చిమ బెంగాల్‌కు వచ్చి 1985లో చనిపోయాడు. 2013లో బంగ్లాదేశ్ ప్రభుత్వం ఆయనకు మరణానంతరం ఏకుశే పదక్ ఇచ్చింది.

మతువా పాట అలా కాదు, అది సరిహద్దు దాటింది. కారణం దాని నిర్మాణంలోనే ఉందని నా అభిప్రాయం. పోషకుడి మీద, పూజారి మీద, గుడి మీద ఆధారపడని కళ కాబట్టి పోగొట్టుకునేదీ తక్కువ. పదిమంది, ఒక డంకా ఉంటే ఒక ‘దళం’ తయారు. హరిచంద్ మనవడి కొడుకు ప్రమథ రంజన్ ఠాకూర్ ఉత్తర 24 పరగణాల్లో ఠాకూర్‌నగర్ కట్టాడు. ఓరాకాందిలో జరిగే బారుణి జాతర అక్కడా మొదలైంది. హరిచంద్ పుట్టిన తిథికి దళాలు డంకాలతో, జెండాలతో రైళ్లెక్కి వస్తాయి. అండమాన్ నుంచీ వస్తాయి, దండకారణ్యం నుంచీ వస్తాయి. ప్రభుత్వం చెదరగొట్టి విసిరేసిన జనం ఏడాదికొకసారి ఒకరినొకరు వెతుక్కునే చోటు అది. అకాడమీ లేదు, గ్రాంటు లేదు. వాళ్లే చందాలేసుకుని నడుపుకున్నారు. శిల్పి చక్రను సంస్థ అని రాసి, దీన్ని జాతర అని రాస్తే మనం చరిత్రను తప్పుగా రాసినట్టే.

1978లో దండకారణ్యం నుంచి వేలాది కుటుంబాలు తిరిగి బెంగాల్ బయల్దేరి సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవిలో ఊరు కట్టుకున్నాయి. బడి పెట్టుకున్నాయి, బావులు తవ్వుకున్నాయి. 1979 జనవరిలో వామపక్ష ప్రభుత్వం దీవిని దిగ్బంధించింది. కాల్పులు జరిగాయి. మే నెలలో ఊరిని తగలబెట్టి ఖాళీ చేయించారు. ఎంతమంది చనిపోయారన్నది ఇప్పటికీ తేలలేదు, తేల్చే ప్రయత్నమూ జరగలేదు.

ఈ అనుభవమంతా అక్షరంలోకి రావడానికి ఇంకో తరం పట్టింది. బారిసాల్‌లో పుట్టి శిబిరాల్లో పెరిగిన మనోరంజన్ వ్యాపారి బడి మొహం చూడలేదు. జైల్లో చదవడం నేర్చుకున్నాడు, కలకత్తాలో రిక్షా తొక్కుతూ మహాశ్వేతా దేవిని కలిశాడు, ఆమె ప్రోత్సాహంతో రాయడం మొదలుపెట్టాడు. ‘చండాల జీవితం’ అని పేరులోనే పెట్టుకున్న ఆయన ఆత్మకథను ఇవాళ విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నారు. జతిన్ బాలా శిబిరం బతుకును వేళ్లు తెగిన జీవితంగా రాశాడు. కల్యాణీ ఠాకూర్ తన పేరు చివర ‘చాడాల్’ అని చేర్చుకుని, పూర్వీకులు వదిలించుకున్న తిట్టునే ఆయుధం చేసింది. 1992లో లోధా శబర విద్యార్థిని చుని కోటాల్ ఆత్మహత్య తరవాత బెంగాల్ దళిత రచయితలు సంఘంగా ఏర్పడ్డారు. ‘చతుర్థ దునియా’ పత్రిక నడిపారు. వీళ్ల వచనంలో కవిగాన్ వాదన వినిపిస్తుంది. ఒక మాటకు ఎదురు మాట, ఒక పురాణానికి ఎదురు ప్రశ్న.

మిగిలిపోయిన కాగితం

ఎస్సీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుందని మనకు తెలుసు. పశ్చిమ బెంగాల్‌లో, ఒడిశాలో నామశూద్రులు ఎస్సీలు. కాబట్టి మల్కన్‌గిరిలో స్థిరపడ్డ కుటుంబానికి కుల ధ్రువపత్రం వస్తుంది. అదే ప్రాజెక్టు కింద, అదే రైల్లో వచ్చి, ఛత్తీస్‌గఢ్‌లోని పరల్‌కోట్ ప్రాంతంలో దిగిన తమ్ముడి కుటుంబానికి రాదు. ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలోనూ రాదు. ఎక్కడ దిగాలో వాళ్లు ఎంచుకోలేదు, ప్రభుత్వం దించింది. అంటరానితనం మాత్రం వాళ్లతోనే రైలెక్కి వచ్చింది. దానికి పోరాట సాధనం కావాల్సిన రిజర్వేషన్ సరిహద్దు దగ్గర ఆగిపోయింది.

మన దగ్గరా ఈ ముక్క ఉంది. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్ చుట్టుపక్కల బెంగాలీ కాందిశీకుల ఊళ్లున్నాయి. ఒక ఊరి పేరు నజ్రుల్‌నగర్, కవి పేరు మీద. తెలుగు మాధ్యమంలో చదువుకున్న పిల్లలు, ఇంట్లో బెంగాలీ. ఎస్సీ గుర్తింపు కావాలని వాళ్లూ అడుగుతున్నారు. విశ్వవిద్యాలయాల్లో విభజన సాహిత్యం మీద సెమినార్లు పెట్టే మిత్రులకు కాగజ్‌నగర్ రైలు స్టేషన్ దూరం కాదు. అక్కడి వృద్ధుల దగ్గర పాటలున్నాయా, డంకాలున్నాయా, ఏ జిల్లా నుంచి ఏ శిబిరం మీదుగా వచ్చారు అన్నది రికార్డు చెయ్యడానికి రెండు ఫోన్లు, బెంగాలీ తెలిసిన ఆ ఊరి విద్యార్థి ఒకరు చాలు. ఇంటింటి వలస దారి రాసి పెడితే, రేపు ఎస్సీ గుర్తింపు కోసం వాళ్లు పెట్టుకునే వినతిపత్రానికి అదే జత కాగితం అవుతుంది.